హార్బరు వేళలకు జాజ్

బాలాంత్రపు రజనీకాంతరావు స్మృత్యర్థం ఉపన్యాస పాఠం

రేడియోలో వచ్చే పాట ఎంత మంచిదన్నది ఒక లెక్క. అది ఏ వేళకు వస్తుందన్నది ఇంకో లెక్క. తెలుగు రేడియోలో ఈ రెండో లెక్క బాగా ఎరిగిన మనిషి రజని. 1920లో నిడదవోలులో పుట్టి, 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరిన రజనీకాంతరావు కవి, గాయకుడు, స్వరకర్త, వాగ్గేయకారుల చరిత్ర రాసిన పండితుడు. ఇన్ని ఉన్నా ఎక్కువమందికి ఆయన అందింది మాత్రం పొద్దుటిపూట. విజయవాడ కేంద్రం నుంచి ఆయన తీర్చిదిద్దిన భక్తిరంజని తెలుగు ఇళ్లలో తెల్లవారడంలో ఒక భాగమైపోయింది. కచేరీ ముఖం చూడని ఇళ్లలో కూడా కాఫీ కాగేలోపు నాలుగు రాగాలు చెవిన పడేవి. పొద్దున భక్తి పాట రావడం ఇప్పుడు ఎంత సహజమనిపించినా, అది ఎవరో కూర్చుని, వినేవాళ్ల దినచర్య చూసి, నిర్ణయించినదే.

2018 ఏప్రిల్ 22న విజయవాడలో కన్నుమూసిన ఆ పెద్దాయన్ని తలుచుకునే సభలో జాజ్ ప్రస్తావన ఏమిటని అడగవచ్చు. రజని చెవికి ఎల్లలు లేవు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన పావురం పాట ఆయనదే. రేడియో ఉద్యోగంలో ఉన్నందువల్ల సోదరుడు నళినీకాంతరావు పేరు పెట్టుకోవలసి వచ్చింది. ఒక హాలీవుడ్ సినిమాలో విన్న కూనిరాగం ఆ బాణీకి ప్రేరణ అని భానుమతి చెప్పేవారు. ఎక్కడిదో ఒక వరుస తెలుగు నోట పడి తెలుగు పాటై కూర్చుంది.

అందుకే ఈ ఉపన్యాసం రెండే ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు కోసం ఒక కమ్యూనిటీ రేడియో నడిస్తే అందులో జాజ్‌కు చోటుందా? ఉంటే, ఏ వేళ?

రేవులో పొద్దు

ఫిషింగ్ హార్బరులో రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. వేట ముగించుకున్న బోట్లు జెట్టీకి చేరతాయి. కళాసీలు సరుకు దింపుతారు, వేలం పాట లేస్తుంది. వంజరం, చందువ, కానాగంతలు, రొయ్య దేనికది కుప్పలుగా పడతాయి. ఎగుమతి కంపెనీల మనుషులు ఒకవైపు, గంపలు పట్టుకున్న ఆడవాళ్లు ఒకవైపు. ఐసు ఆడించే మిషను, డీజిల్ ఇంజన్లు, బేరాల కేకలు. ఆ హోరులో ఏ పాట పెట్టినా దండగే. ఎండ ముదిరేసరికి రద్దీ పలచబడుతుంది. చేపలు కొన్న ఆడవాళ్లు ఊళ్లోకి అమ్మకానికి వెళ్తారు, కొందరు ఎండబెట్టే పనిలో పడతారు. మధ్యాహ్నం వలలు బాగుచేసేవాళ్లు నీడ చూసుకుని కూర్చుంటారు. చేతులకు పని, చెవులకు తీరిక. రేడియోకు ఇంతకన్నా మంచి శ్రోతలు దొరకరు.

మరబోటు ఎక్కినవాళ్లు మాత్రం పది పదిహేను రోజులు ఊళ్లో ఉండరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. అప్పుడు బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి, సరంగు నుంచి కళాసీ దాకా ఒడ్డునే ఉంటారు. జూన్ మధ్యలో గంగమ్మకు పూజ చేసి మళ్లీ సముద్రం మీదికి పోతారు. కాబట్టి హార్బరుకు రెండు క్యాలెండర్లు ఉన్నాయి, రోజుదొకటి, ఏడాదిదొకటి. ఆఫీసు వేళలు చూసి వేసిన ప్రోగ్రాం పట్టిక ఈ రెంటికీ సరిపోదు.

ఇక సిగ్నల్ సంగతి. కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు మామూలుగా ఇచ్చేది 100 వాట్ల ప్రసార శక్తి, 30 మీటర్ల లోపు యాంటెనా. అది పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు మేరకే నడుస్తుంది గనక కొండ అడ్డొస్తే ఆ వెనక నీరసిస్తుంది. యారాడ కొండకు అవతల ఉన్న గాజువాక వైపు అంత బాగా అందదు. ఒన్ టౌన్, కోట వీధి, రేవు, ఒడ్డుకు దగ్గరగా తిరిగే తెప్పలు, ఇంజను పడవలు దాని రాజ్యం. నడిసముద్రంలో ఉన్న మరబోటుకు 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి మీడియం వేవే గతి. ఉప్పునీళ్లు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తాయి కాబట్టి మీడియం వేవ్ తరంగం నేల మీదకన్నా సముద్రం మీద ఎక్కువ దూరం పోతుంది. దూరపు బోట్లకు తుపాను హెచ్చరిక చేర్చడంలో చిన్న స్టేషన్ ఆకాశవాణితో పోటీ పడలేదు. ఒడ్డున మిగిలినవాళ్లతో రోజంతా మాట్లాడటం మాత్రం దానికే కుదురుతుంది.

రేవు పట్టణపు సంగీతం

జాజ్ అనగానే మన దగ్గర మెరిసే హోటలు హాలు గుర్తొస్తుంది. దానికి కారణం ఉంది. 1935లో లియాన్ ఆబీ బృందం బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో వాయించింది. ఆ తర్వాత క్రికెట్ స్మిత్, టెడ్డీ వెదర్‌ఫర్డ్ వంటి నల్లజాతి అమెరికన్ వాద్యకారులు బొంబాయి, కలకత్తా హోటళ్లలో స్థిరపడ్డారు. వెదర్‌ఫర్డ్ 1945లో కలకత్తాలోనే కలరాతో చనిపోయాడు. వాళ్ల పక్కన పని నేర్చుకున్న గోవా వాద్యకారులు రాత్రి హోటల్లో, పగలు సినిమా స్టూడియోలో వాయించేవారు. ట్రంపెట్ వాయించే చిక్ చాకొలెట్ సి. రామచంద్రతో కలిసి పనిచేసిన ‘అల్‌బేలా’ 1951లో దేశమంతా ఆడింది. హోటలు గేటు దాటనివాళ్లకు జాజ్ అలా సినిమా పాటలో కలిసి అందింది, పేరు మాత్రం అందలేదు.

పుట్టినచోట దాని సంగతి వేరు. న్యూ ఆర్లీన్స్ మిసిసిపీ నది మీది రేవు పట్టణం. బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఆదివారాలు కాంగో స్క్వేర్‌లో చేరి డప్పులతో ఆడి పాడిన ఊరు. శవయాత్రకు ఇత్తడి బ్యాండు వెంట నడిచే ఊరు. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా, తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారు, వెనకాల జనం ఆడుతూ వస్తారు. విశాఖ జాలరిపేటల్లో చావుకు డప్పు, పెళ్లికి క్లారినెట్ ముందుండే బ్యాండు మేళం, జాతరకు రెండూ తెలిసినవాళ్లకు ఇదేమీ వింతగా తోచదు.

పోలిక ఇంకా లోపలికి పోతుంది. జాజ్ ఎముకల్లో ఉన్నది పిలుపు, జవాబు. ఒక వాద్యం ఒక మాట అంటుంది, మిగిలినవి బదులిస్తాయి. పొలాల్లో, గట్లు కట్టే చోట, చర్చిలో నల్లజాతి శ్రామికులు పాడుకున్న పద్ధతి అది. వల లాగేటప్పుడు ఒకడు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు హైలెస్సా అని అందుకునే పద్ధతి కూడా అదే. రెండింటికీ చుట్టరికం కలపనక్కర్లేదు. పదిమంది ఒకే బరువును ఒకే క్షణంలో లాగాలంటే ఎక్కడైనా గొంతు అలాగే పలుకుతుంది. జాజ్ కొత్తగా చేసిన పని, ఆ జవాబును ముందే రాసిపెట్టకుండా అప్పటికప్పుడు కల్పించుకునే స్వేచ్ఛ ఇవ్వడం. మనోధర్మం ఎరిగిన తెలుగు శ్రోతకు అదీ పరాయిది కాదు.

రేవు కూలీల్లోంచే గొప్ప జాజ్ వాద్యకారుడు వచ్చాడు. జార్జ్ లూయిస్ క్లారినెట్ వాయించేవాడు. బతుకుతెరువుకు న్యూ ఆర్లీన్స్ రేవులో సరుకులు మోసేవాడు. 1944లో పనిలో దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. స్నేహితులు ఇంటికే వచ్చారు, బ్యాంజో, బేస్ తోడయ్యాయి, రికార్డింగ్ పరికరం మంచం పక్కకు చేరింది. అలా పుట్టిన ‘బర్గండీ స్ట్రీట్ బ్లూస్’ను ఆ తర్వాత లోకం నలుమూలలా క్లారినెట్ వాద్యకారులు నేర్చుకున్నారు. హార్బరులో జాజ్ పరిచయం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే, తాజ్ హోటలు కన్నా ఈ మంచం దగ్గర మొదలుపెట్టడం మేలు.

తెలుగువాళ్ల వైపు నుంచి ఈ వంతెన ఇదివరకే కట్టారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. అప్పటికి ఆయన వయసు పద్నాలుగు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. విశాఖకు దగ్గరలోనే విజయనగరం సంగీత కళాశాల ఉంది. అక్కడ ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో పలికిన వయొలిన్ కూడా ఒకనాడు ఓడ దిగి వచ్చిన వాద్యమే. ఇక ట్రంపెట్, సాక్సఫోన్ విశాఖ వినని శబ్దాలు కావు. నేవీ బ్యాండు బీచ్ రోడ్డులో వాయిస్తే వేలమంది నిలబడి వింటారు.

టిపిటినాస్ మేడ మీద

రేవు పట్టణపు రేడియోకు ఒక నమూనా న్యూ ఆర్లీన్స్‌లోనే ఉంది. 1980 డిసెంబర్ 4న అక్కడ డబ్ల్యూడబ్ల్యూఓజడ్ అనే స్టేషన్ గాలిలోకి వచ్చింది. జెర్రీ బ్రాక్, వాల్టర్ బ్రాక్ అనే అన్నదమ్ములు దానికి మూలం. తొలినాళ్లలో టిపిటినాస్ అనే పాటల క్లబ్బు మేడ మీది గదే స్టూడియో. కింద కచేరీ జరుగుతుంటే మైకును కిందికి దించి ప్రసారం చేసిన రోజులున్నాయి. కార్యక్రమాలు నడిపేది స్వచ్ఛందంగా వచ్చే ఊరివాళ్లు. ఏ పాట వేయాలో వాళ్లే ఎంచుకుంటారు. ఒకరు పాత జాజ్, ఒకరు బ్లూస్, ఇంకొకరు కరీబియన్ సంగీతం.

ఆ స్టేషన్ నుంచి నేర్చుకోవలసింది పాటల జాబితా కన్నా ‘లైవ్‌వైర్’ అనే ప్రకటన. ఇవాళ ఊళ్లో ఎక్కడ ఎవరు వాయిస్తున్నారో పగలూ రాత్రీ ఆగి ఆగి చదువుతుంటారు. వాద్యకారుడికి అది నాలుగు డబ్బులు తెచ్చే సమాచారం, శ్రోతకు సాయంత్రం ఎటు వెళ్లాలో చెప్పే కబురు. సంగీతం, ఊరి కబురు ఒకే మైకులోంచి రావడం వల్ల ఏదీ అలంకారంగా మిగలలేదు. హార్బరులో దీనికి సమానమైనవి ఉన్నాయి. ఇవాళ రేవు ధర, ఐసు దొరికే చోటు, రాత్రి గాలి ఎటు, ఏ పేటలో జాతర, ఆ జాతరకు ఏ బ్యాండు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది. స్టేషన్ మూగబోయింది. కొద్దిరోజులకే న్యూ జెర్సీలోని డబ్ల్యూఎఫ్‌ఎంయూ స్టేషన్ సాయంతో ఇంటర్నెట్‌లో ప్రవాస ప్రసారం మొదలైంది. చెల్లాచెదురైన ఊరివాళ్లు ఎక్కడెక్కడి నుంచో తమ వీధుల పాటలు విన్నారు. తర్వాత స్టేషన్ ఫ్రెంచ్ మార్కెట్ దగ్గర మళ్లీ కుదురుకుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకిన విశాఖలో కరెంటు పోయి, సెల్ టవర్లు కూలి, పక్క వీధి క్షేమం తెలియని రోజులు చాలామందికి గుర్తే. 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో బోట్లు అంటుకున్నప్పుడు చాలామందికి కబురు చేరింది ఫోన్ వీడియోల ద్వారా. ఆపద వేళ జనం నమ్మే గొంతు మామూలు రోజుల్లోనే పరిచయం కావాలి. ఆ పరిచయం పాటతో అయినంత తేలిగ్గా ప్రకటనలతో కాదు.

మాచ్‌నూరు దారి

మన దేశంలో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది. క్రికెట్ ప్రసారాల తగాదాలో వచ్చిన ఆ తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్‌తోపాటు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. 2000 జూలైలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో కమ్యూనిటీ రేడియో కోరుతూ ఒక ప్రకటన వెలువడింది. ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకు, 2006 నవంబర్‌లో స్వచ్ఛంద సంస్థలకు తలుపు తీసింది. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ ప్రాంతంలోనే ఉన్న మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు దాన్ని నడిపారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ మైకు పట్టారు, మిక్సర్ తిప్పారు.

సంఘం రేడియో ప్రసార వేళ రాత్రి 7 నుంచి 9. పొలం నుంచి వచ్చి, పొయ్యి దగ్గర చేరే వేళ అది. రజని భక్తిరంజనికి తెల్లవారుజాము ఎంచుకున్నా, మాచ్‌నూరు ఆడవాళ్లు పొద్దుగూకాక వచ్చే గంటలు ఎంచుకున్నా లెక్క ఒకటే. 2016 ఆగస్టు 15న పాంబన్ దీవిలో మత్స్యకారుల కోసం మొదలైన కడల్ ఓసై స్టేషన్ కూడా సముద్రం మీది మనుషుల దినచర్యను పట్టుకునే నిలదొక్కుకుంది.

నిబంధనలు కొన్ని గట్టిగానే ఉన్నాయి. సగం కార్యక్రమాలైనా స్థానికంగా తయారు కావాలి. వార్తలు ఆకాశవాణివే ప్రసారం చేయాలి. గాలివాన కబురు వార్త కిందికి రాదు గనక, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సూచనలు తెలుగులో చదివి వినిపించవచ్చు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు గంటకు ప్రకటనల సమయాన్ని 7 నుంచి 12 నిమిషాలకు పెంచాయి. ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74కు చేరింది.

రాయల్టీ లెక్క

చిన్న స్టేషన్‌ను నిజంగా ఇబ్బంది పెట్టేది పాటల హక్కుల ఖర్చు. సినిమా పాట వేస్తే రికార్డింగ్‌కు, సాహిత్యానికి, బాణీకి హక్కుదారులుంటారు. ఇక్కడే పాత జాజ్ ఒక సదుపాయం చేస్తుంది. భారతీయ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్లు, రచన మీద హక్కు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. జెల్లీ రోల్ మోర్టన్ 1941లో చనిపోయాడు. 1926లో తన రెడ్ హాట్ పెప్పర్స్ బృందంతో ఆయన రికార్డు చేసిన సొంత రచన ‘బ్లాక్ బాటమ్ స్టాంప్’ మీద ఇక్కడ ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. 1968లో పోయిన జార్జ్ లూయిస్ రచనలకు మాత్రం 2028 చివరి దాకా హక్కులుంటాయి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1971లో పోయాడు, ఆయన సొంత రచనలకు 2031 దాకా ఆగాలి. అదే ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించినా, రచన ఎప్పుడో పోయిన మరొకరిదై, రికార్డు పాతదైతే అడ్డు లేదు. కాబట్టి ప్రతి రికార్డుకూ ఎవరు రాశారు, ఎప్పుడు పోయారు, ఎప్పుడు విడుదలైందన్న మూడు సంగతులు ముందుగా ఒక పుస్తకంలో రాసుకోవాలి. సంగీతం తెలిసిన ఒక కాలేజీ కుర్రాడు, ఓపికగల ఒక రిటైర్డ్ గుమాస్తా కలిస్తే ఆ పుస్తకం తయారవుతుంది.

మిగతా సమయానికి సరుకు హార్బరు చుట్టుపక్కలే ఉంది. బ్యాండు మేళం క్లారినెట్లు, తప్పెటగుళ్లు, వలపాటలు స్టూడియోలో రికార్డు చేసుకోవచ్చు. వాద్యకారుడికి పారితోషికం, చేతికి రాతపూర్వక ఒప్పందం ఇవ్వడం మొదటిరోజు నుంచే అలవాటు కావాలి. న్యూ ఆర్లీన్స్ తొలితరం వాద్యకారుల్లో చాలామందికి తమ రికార్డుల మీద దక్కవలసినది దక్కలేదు. ఆ కథ ఇక్కడ తిరిగి జరగనక్కర్లేదు.

ఎవరు, ఎలా చెప్పాలి

చేపల రేవులో జాజ్ ఎవరు వింటారన్నది న్యాయమైన సందేహమే. దీనికి విల్లిస్ కానోవర్ అనుభవం కొంత జవాబు. 1955 జనవరిలో వాయిస్ ఆఫ్ అమెరికా షార్ట్‌వేవ్‌లో ఆయన జాజ్ కార్యక్రమం మొదలైంది. తూర్పు యూరప్‌లో, సోవియట్ దేశంలో లక్షలమంది విన్నారు. ఆ ప్రసారాలు స్వదేశంలో వినిపించకుండా అక్కడి చట్టమే అడ్డుకుంది గనక సొంత ఊరివాళ్లకు ఆయన పేరు పెద్దగా తెలియదు. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన శ్రోతల కోసం ఆయన ఒక్కో మాటా విడివిడిగా, నెమ్మదిగా పలికేవాడు. వాద్యకారుడి పేరు, ఏడాది, ఎవరు ఏది వాయిస్తున్నారో చెప్పి తప్పుకునేవాడు. సంగీతాన్ని పొగిడేవాడు కాదు, పరిచయం చేసేవాడు.

హార్బరు స్టేషన్‌కు అలాంటి గొంతు ఉత్తరాంధ్ర యాసలో కావాలి. ‘ఇప్పుడు వినబోయేది రేవులో మూటలు మోసిన మనిషి క్లారినెట్, వెనకాల బ్యాంజో’ అంటే చాలు. ఆ వెంటనే పేటలోని క్లారినెట్ వాద్యకారుడు అదే వరుసను తన ధోరణిలో వాయించి, పెళ్లి ఊరేగింపులో తాము దాన్ని ఎలా మలుపు తిప్పుతారో చూపితే అరగంట ఇట్టే గడుస్తుంది. ఉపన్యాసం ధోరణిలో జాజ్ చరిత్ర మొదలుపెట్టిన మరుక్షణం శ్రోత ఫోన్ తీసి యూట్యూబ్‌కు పోతాడు.

వేళల విషయానికి వస్తే, తెల్లవారుజామున జాజ్ వద్దు. అది గాలి, అల, ధర, ఆకాశవాణి వార్తల సమయం. మధ్యాహ్నం రెండు గంటలకు వలలు బాగుచేసేవాళ్ల కోసం అరగంట, రాత్రి ఎనిమిదికి ఇళ్ల కోసం వారానికి ఒకసారి, ఈ రెండు చాలు. ఏడాది మొత్తంలో పెద్ద అవకాశం వేట నిషేధ కాలంలో ఉంది. యునెస్కో 2011లో ప్రకటించిన అంతర్జాతీయ జాజ్ దినం ఏప్రిల్ 30. నిషేధం మొదలై రెండు వారాలైన రోజు అది. బోట్లన్నీ జెట్టీలో, మనుషులంతా ఒడ్డున. హార్బరు ఆవరణలో ఒక సాయంత్రం బ్యాండు మేళం, నేవీ వాద్యకారులు, కాలేజీ గిటారు కుర్రాళ్లు ఒకే వేదిక మీద వాయిస్తే, దాన్ని ప్రసారం చేయడానికి 100 వాట్లు సరిపోతాయి.

ఇదంతా ఈ ఉపన్యాసం వేసిన చిత్తుపట్టిక మాత్రమే. 2024 మార్గదర్శకాలు స్టేషన్ సలహా, కార్యక్రమాల సంఘంలో సగంమంది మహిళలు ఉండాలంటున్నాయి. హార్బరులో ఆ సగం అంటే వేలంలో బేరమాడేవాళ్లు, గంపలెత్తేవాళ్లు, చేపలు ఎండబెట్టేవాళ్లు. మధ్యాహ్నం రెండింటికి వాళ్లు ఇంకా ఊళ్లో అమ్మకంలోనే ఉంటారు గనక, ఆ అరగంటను నాలుగింటికి జరపమని మొదటి సమావేశంలోనే అడిగే అవకాశం ఉంది. అప్పుడు పట్టిక మారాలి. నెల తర్వాత వాళ్లే మళ్లీ కూర్చుని, జాజ్ అరగంట ఉంచాలా, వారానికి ఎన్నిసార్లు, పేట బ్యాండుకు ఎంత సమయం అన్నవి తేల్చాలి. పరిచయం జార్జ్ లూయిస్ కథతో మొదలైనా, వాళ్ల ముందు పెట్టవలసిన మొదటి రికార్డు మాత్రం ఖాయం చేసుకోవచ్చు. రాయల్టీ బెడద లేని, మూడు నిమిషాల చిల్లరలో ముగిసే, మోర్టన్ 1926 నాటి ‘బ్లాక్ బాటమ్ స్టాంప్’.